క్రిస్మస్ నుంచి పాస్కా దాకా అమ్మమ్మ సత్ప్రసాదం తీసుకోలేదు

మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు గానీ ఇంట్లో ఏది ఎప్పుడు జరిగిందో అడిగితే తడుముకునేది కాదు. పెద్ద మామ సాగర్ కాలువలకి నీళ్లు వదిలిన ఏడు పుట్టాడు, అంటే 1967. మా అమ్మ నల్లగొండకి సొంత మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) వచ్చిన ఏడు, అంటే 1976. మా కతోలిక గుడిలో పూజ లాటిన్‌లో జరిగిన రోజులు కూడా ఆమెకి గుర్తే. ఒక్క మాట అర్థం కాకపోయినా మోకాళ్ల మీద నుంచి లేచేవాళ్లం కాదని, తర్వాత తెలుగులో పూజ మొదలైనప్పుడు ఫాదర్ గారు మన మాటే మాట్లాడుతున్నారని తాత గుడిలోనే ఏడ్చాడని చెప్పేది.

వాళ్లది హుజూర్‌నగర్ వైపు ఊరు. కాలువ కింద వరి, మెట్టలో కాస్త మిరప, ఎనిమిది మంది పిల్లలు. సాయంత్రం యేసు తిరుహృదయ పటం ముందు దీపం పెట్టి జపమాల మొదలుపెడితే ఇంట్లో ఉన్నవాళ్లంతా వచ్చి కూర్చోవాల్సిందే, చుట్టాలు కూడా. జపమాలలో మరియమ్మ జపానికి యాభై మూడు పూసలుంటాయి కదా, ఒక్కో పూస ఒక్కొక్కరి పేరు మీద చెప్పేది. కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు, మునిమనవలు కలిసి యాభై దాటాక మొదట్లో సిలువ దగ్గరుండే మూడు పూసలు కొత్తగా పుట్టిన పిల్లలకి ఇచ్చేసింది. నా పూస నాలుగో పదిలో ఉండేది. హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒకసారి పొద్దున్నే ఫోన్ చేసి "ఏమైంది బిడ్డా, రాత్రి నీ పూస కాడ మనసు నిలవలే" అంది. నాకు అప్పుడు రెండు రోజుల నుంచి జ్వరం, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దీన్ని మీరు ఎలా తీసుకుంటారో మీ ఇష్టం, నేను మాత్రం నమ్ముతాను.

2002లో పోపు రెండో జాన్ పాల్ గారు జపమాలకి వెలుగు రహస్యాలు (జపం చెబుతూ ధ్యానించే యేసు జీవిత ఘట్టాలు) కలిపినప్పుడు, ఆ వయసులో ఐదు కొత్త రహస్యాలు నోటికి నేర్చుకుంది. మా అక్క చదివితే విని, మిరప ఏరుతూ వల్లె వేసుకునేది. వాటిలో యేసు నీళ్లని ద్రాక్షారసం చేసిన కానా పెళ్లి ఆమెకి చాలా ఇష్టం. ద్రాక్షారసం అయిపోయిందని మరియమ్మే ముందు కనిపెట్టింది కదా, "పెండ్లింట్ల ఏది తక్కువైందో ఆడామెకే ముందు ఎరుకైతది" అనేది.

పాస్కా (ఈస్టర్) పండగకి ముందు వచ్చే తపస్సు కాలం సరిగ్గా మిరప ఏరే రోజుల్లోనే పడుతుంది, అయినా ఒంటిపూట తిండే. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ముందు, పోయిన ఏడాది మట్టల ఆదివారం నాటి ఎండిన మట్టలన్నీ ఇంటింటా అడిగి గుడికి చేర్చేది. వాటిని కాల్చిన బూడిదే నుదుట పెడతారు.

తాత పోయాక పొలం పంచుకునేటప్పుడు పెద్ద మామకీ చిన్న మామకీ గట్టు దగ్గర గొడవ మొదలైంది. రెండు గుంటల భూమి విషయం. ఎదురుపడితే తల తిప్పుకునేదాకా వచ్చింది, తోటికోడళ్ల మధ్య కూడా మాటల్లేవు, పిల్లల పుట్టినరోజులకి పిలుపులు ఆగిపోయాయి. ఆ క్రిస్మస్ రాత్రి పూజలో అందరూ సత్ప్రసాదానికి (యేసు శరీరమని నమ్మి ఫాదర్ గారి దగ్గర తీసుకునే అప్పానికి) లైన్‌లో నిలబడితే అమ్మమ్మ మాత్రం తన చోటు నుంచి కదల్లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. మరుసటి ఆదివారం కూడా అంతే, ఆ తర్వాతి ఆదివారం కూడా. పూజకి ఒక్క వారం మానలేదు, పాటలన్నీ పాడేది, సత్ప్రసాదం దగ్గరికొచ్చేసరికి కూర్చుండిపోయేది. ఆమె సంగతి తెలిసినవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది, ఎందుకంటే అన్నం లేకపోయినా ఉండగలదు గానీ సత్ప్రసాదం లేకుండా ఉండలేని మనిషి. ఊరంతా చూస్తోంది, మామయ్యలిద్దరికీ ఒకటే టెన్షన్. ఫాదర్ గారు పిలిచి, తప్పు నీది కాదు కదమ్మా, నువ్వెందుకు దూరంగా ఉండడం అని అడిగారట. "నా కడుపున పుట్టిన లొల్లి అది, నాది కాదంటే ఎట్ల ఫాదర్?" అందట. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు నీ మీద సోదరునికి ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉంది. కొడుకులు చేయాల్సిన పని వాళ్లు చేయకపోతే, ఆ బరువు తన మీద వేసుకుంది.

ఏడాదికి ఒక్కసారైనా, అదీ పాస్కా కాలంలో, సత్ప్రసాదం తీసుకోవాలని తిరుసభ (కతోలిక సంఘం) కట్టడ. అందుకే పాస్కా దగ్గరపడే కొద్దీ ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. మామయ్యలిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ చెప్పరు. పాస్కా జాగరణ రాత్రి మాత్రం ఇద్దరూ ఒకే బండి మీద గుడికి వచ్చారు. గట్టు పెద్ద మామే వదులుకున్నాడు. ఆ రాత్రి అమ్మమ్మ లైన్‌లో అందరికంటే ముందు నిలబడింది.

ఇంత చేసిన మనిషి కూతుళ్ల దగ్గర మాత్రం న్యాయం చేయలేదని నా అభిప్రాయం. ఆడపిల్లలకి పెళ్లిలో బంగారం పెట్టారు, పొలంలో వాటా మాటే రాలేదు. క్రైస్తవులకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి పోతే అందులో భార్యకి మూడో వంతు, మిగిలింది కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా. అంటే అమ్మమ్మకి కూడా వాటా ఉంది, తను కూడా అడగలేదు. మా అమ్మని అడిగితే "అన్నదమ్ముల దగ్గర అడుగుతామా" అంటుంది.

అమ్మమ్మ పోయి కొన్నేళ్లయింది. చివరి రోజుల్లో ఫాదర్ గారు నూనె పూసి ప్రార్థించే అవస్థ అభ్యంగనం అప్పుడు కొడుకులిద్దరూ చెరోవైపు ఉన్నారు. ఇప్పటికీ తూము దగ్గర నీళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లకి మాటా మాటా పెరుగుతుంది, కానీ శనివారం రాత్రికల్లా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఎక్కువసార్లు చిన్న మామే. మా అమ్మ వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ క్రిస్మస్‌కి అందరం ఊళ్లో కలుస్తాం కదా, నేను ఎత్తుతాను.