చేతులు కట్టుకుని సాయం చేయడం

తరగతి గదిలో సాంకేతిక సాధనాలు వాడే తోటి ఉపాధ్యాయులకు అండగా నిలిచేలా కొందరు ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇవ్వడం కొన్నేళ్లుగా నా పని. దీనికి ఎవరిని పంపుతారని అడిగితే ప్రధానోపాధ్యాయులు సాధారణంగా కంప్యూటర్ బాగా తెలిసినవారి పేరే చెబుతారు. నా అనుభవంలో చేయి తిరిగినవారికే ఈ పని ఎక్కువ కష్టం, ఎందుకంటే తమ చేతిని తాము ఆపుకోలేరు.

అందుకే మొదటి రోజు ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టి, సాయం చేసేవారిని చేతులు కట్టుకోమంటాను. ఒకసారి ఒక టీచరు ల్యాప్‌టాప్‌లో స్లైడ్ కనిపిస్తోంది కానీ గోడ మీద పడటం లేదు. విండోస్ మీటతో పాటు ‘పి’ నొక్కి, రెండు చోట్లా ఒకే దృశ్యం చూపే ‘డూప్లికేట్’ ఎంచుకుంటే క్షణాల్లో తేలిపోయే సంగతి అది. పక్కనున్న మాస్టారి చేయి అప్పటికే సగం దూరం వెళ్లింది. నేను చూడటంతో వెనక్కి తీసుకుని, “గోడ మీద ఏం కనిపిస్తోంది మేడమ్?” అని అడిగారు. “ఖాళీ నీలం తెర.” “మౌస్‌ని కుడివైపుకి జరుపుకుంటూ పోండి.” బాణం గుర్తు ల్యాప్‌టాప్ అంచు దాటి గోడ మీద తేలగానే ఆమె, “అంటే ఇవి రెండు వేర్వేరు తెరలన్నమాట!” అన్నారు. ఏడు నిమిషాలు పట్టింది. మీట నొక్కి ఇచ్చి ఉంటే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు, మరుసటి రోజు మళ్లీ పిలుపు వచ్చేది.

ఉపన్యాసం, ప్రదర్శన, కాస్త సాధనతో ముగిసే శిక్షణ తరగతి గది దాకా చేరడం అరుదని, ఆ తర్వాత బడిలో తోటివారి తోడు ఉండాలని అమెరికా విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల తొలినాళ్లలోనే రాశారు. నాకు అంతకంటే ఉపయోగపడింది 1996లో వారు చేసిన సవరణ. పాఠం చూసి అభిప్రాయం చెప్పడం మొదలయ్యేసరికి తోటివారు తెలియకుండానే తనిఖీ అధికారుల్లా మారిపోతున్నారని గమనించి, ఆ భాగాన్నే తీసేశారు. పైగా వారి లెక్కలో పాఠం చెబుతున్నవారే కోచ్, చూస్తున్నవారే నేర్చుకునేవారు.

ఇది చదవకముందు నేనూ నోటుబుక్కు పట్టుకుని ఒక సహోపాధ్యాయుడి తరగతిలో చివరి బెంచీలో కూర్చున్నాను. మెచ్చుకోలు మాటలే రాసుకున్నాను, కానీ ఆయనకు కనిపించింది నా పెన్ను కదలడమే. తర్వాతి వారం “యూనిట్ టెస్టులున్నాయి సార్, ఇంకోసారి చూద్దాం” అన్నారు. ఆ ఇంకోసారి రానేలేదు. ఇప్పుడు నేను తర్ఫీదు ఇచ్చేవారు ముందుగా తమ తరగతి తలుపే తెరుస్తారు, వీలైతే ఏదో ఒకటి తడబడే పాఠానికే పిలుస్తారు.

ఇక అడగవలసిన మొదటి ప్రశ్న సాధనం గురించి కాదు, పాఠం గురించి. విషయం, బోధన, సాంకేతికత అనే మూడు రకాల జ్ఞానం కలిసే చోటును మిశ్రా, కోహ్లర్ అనే విద్యా పరిశోధకులు 2006లో ఒక పటంతో వివరించారు కానీ, స్టాఫ్‌రూములో ఆ పటం గీసి చూపనక్కరలేదు. భిన్నాలకు క్విజ్ యాప్ కావాలని వచ్చిన లెక్కల టీచరును “పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు?” అని అడిగితే చాలు. మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదని పిల్లలు అంటున్నారని తేలితే, ఆ రోజుకు కాగితం మడతలే సరిపోవచ్చు. సాంకేతికతకు సహాయకులైనవారు కాగితం చేతికివ్వడం కొందరికి నామోషీగా ఉంటుందని నాకు తెలుసు.

పాస్‌వర్డులు, ప్రింటరు, తెగిన కేబుళ్లు వీరి నెత్తిన పడితే ఇదంతా వారంలో మాయమవుతుంది, కాబట్టి ఆ పనులు వేరొకరికి అప్పగించమని ముందే చెబుతాను. దాంతోపాటు టైమ్‌టేబుల్ నకలు ఒకటి అడుగుతాను. సాయం చేసేవారికీ, అందుకునేవారికీ వారానికి ఒక్కటైనా ఉమ్మడి ఖాళీ పీరియడ్ అందులో కనిపించే వరకు శిక్షణ తేదీ ఖరారు చేయడం మానేశాను.