టైర్లలో నైట్రోజన్‌కి డబ్బులు దండగేనా?

ఈమధ్య పంక్చర్ షాపులో గాలి కొట్టమంటే చాలు, ‘నైట్రోజన్ పట్టమంటారా సార్?’ అని మొదలుపెడుతున్నారు. టైరుకు ఇంత అని తీసుకుని వాల్వుకు ఆకుపచ్చ మూత బిగిస్తారు. నేనైతే వద్దంటాను.

మనం పీల్చే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పైగా ఉన్న గాలిని పూర్తిగా తీయకుండా దానిమీదే నింపేస్తే ఇక స్వచ్ఛత ఎక్కడిది? విమానాల టైర్లలో వాడతారు, నిజమే. అక్కడ బ్రేకుల వేడికి మంటల భయం, పైకెళ్తే తేమ గడ్డకట్టే బెడద. మా వ్యాగనార్ మహా అయితే విజయవాడ నుంచి సూర్యాపేట దాకా వెళ్తుంది.

లాభం బొత్తిగా లేదనను. నైట్రోజన్ రబ్బరులోంచి కాస్త నెమ్మదిగా బయటికి పోతుంది. అమెరికాలో వస్తువుల్ని పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ వాళ్లు టైర్లలో 30 పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) నింపి ఏడాది వదిలేసి చూస్తే, మామూలు గాలి సగటున 3.5, నైట్రోజన్ 2.2 తగ్గాయి. అంతే తేడా! నెలకోసారి బంకులో ఉచితంగా గాలి చూపించుకునేవాళ్లకి అది లెక్కలోకే రాదు.

‘ఎండాకాలం టైరు పేలదు సార్’ అనే మాట మాత్రం నమ్మొద్దు. వేడెక్కితే నైట్రోజన్ ప్రెషర్ కూడా పెరుగుతుంది. అసలు ప్రమాదం గాలి తక్కువగా ఉన్నప్పుడు. టైరు పక్కలు నలిగి నలిగి వేడెక్కిపోతాయి. డ్రైవర్ తలుపు తీస్తే అంచున స్టిక్కర్ మీద ఎంత పెట్టాలో ఉంటుంది. పొద్దున్నే బండి తీయకముందు చిన్న గేజ్ పెట్టి చూసుకోండి. స్టెప్నీ కూడా, దాన్నెవరూ పట్టించుకోరు.