‘సెట్’ దగ్గర పోయింది నా మొదటి అటెంప్ట్

బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఫైనల్ లిస్టులో నా నంబరు చూసుకుని నాలుగు రోజులైంది, ఫోన్లు కాస్త తగ్గాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. ప్యాటర్న్, సిలబస్ మీకు నాకంటే బాగా తెలుసు, ఆ సోది వద్దు. రీజనింగ్, క్వాంట్ (లెక్కలు)తో నాకెప్పుడూ పెద్ద ఇబ్బంది లేదు, రోజుకు ఐదు పజిల్స్, రెండు డీఐలు (పట్టికలు, గ్రాఫులు చూసి చేసే లెక్కలు), అంతే. అసలు కథంతా ఇంగ్లీషుది.

మాది తెలుగు మీడియం. నంద్యాలలో రూము తీసుకుని బ్యాంక్ కోచింగ్‌లో చేరిన మొదటి ఏడాది రోజుకు 20 కొత్త మాటలు బట్టీ పట్టా. గోడ నిండా చీటీలే, అన్నీ పొడుగు పొడుగు మాటలు. చిన్న మాటల జోలికి పోలేదు. సెట్ అంటే ఏంటో తెలియనిది ఎవరికి చెప్పండి?

పీఓ మొదటి దశ పరీక్ష ప్రిలిమ్స్, అందులో ఇంగ్లీషుకి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. ఒక మాట ఇచ్చి మూడు వాక్యాల్లో ఎక్కడ సరిగ్గా వాడారో చెప్పమంటాడు కదా, నాకు ‘సెట్’ వచ్చింది. మొదటి వాక్యంలో టీచర్ పేపర్ సెట్ చేశాడు, ఓకే. రెండోదాంట్లో హైకోర్టు సస్పెన్షన్ ఆర్డర్‌ని సెట్ అసైడ్ చేసింది, దాంతో ఉద్యోగి మర్నాడే డ్యూటీలో చేరాడు. మూడోదాంట్లో జెల్లీ ఇంకా సెట్ కాలేదు. సెట్ అసైడ్ అంటే పక్కన పెట్టడం అని నాకు తెలిసింది అంతవరకే, కేసు పక్కన పెట్టేస్తే ఇతను డ్యూటీలో ఎలా చేరతాడు, కాబట్టి తప్పు అనుకున్నా. ఇక జెల్లీ. పెళ్లి సంబంధం సెట్ అవుతుంది, రూము సెట్ అవుతుంది, జెల్లీ సెట్ కావడమేంటి? ‘మొదటిది మాత్రమే’ నొక్కా. దీనికే దాదాపు రెండు నిమిషాలు పోయింది.

టోటల్ కటాఫ్ దాటా, ఇంగ్లీషు సెక్షనల్ కటాఫ్, అంటే ఆ ఒక్క సెక్షన్‌లో రావాల్సిన కనీస మార్కు, పావు మార్కుతో పోయింది. తప్పుకి కోసేది కూడా పావు మార్కే. అంటే ఆ ప్రశ్న ముట్టుకోకుండా వదిలేసినా బయటపడేవాణ్ని. ఈ లెక్క నేను ఎన్ని రాత్రులు వేసుకున్నానో చెప్పలేను.

మొహం చెల్లక వారం రోజులు ఊరెళ్లి ఇంట్లోనే ఉన్నా. ఒకరోజు పొద్దున్నే అమ్మ గిన్నె కొంచెం వంచి చూసి, “చలికి పెరుగు తోడుకోలేదురా, మజ్జిగ చేసేస్తా” అంది. గిన్నె అంచుకి పాలు జారుతున్నాయి. అప్పుడు అర్థమైంది జెల్లీ సంగతి! పెరుగు తోడుకోవడం, సిమెంటు గట్టిపడటం, పొద్దు గుంకడం, ముసురు పట్టడం, పుత్తూరులో విరిగిన ఎముక సరిచేసి కడతారే అది కూడా, అన్నిటికీ వాళ్ల దగ్గర సెట్టే, కాకపోతే ముసురుకి పక్కన ఒక ‘ఇన్’ తగిలిస్తారు. ‘జీవో కొట్టివేసిన హైకోర్టు’ అని చిన్నప్పట్నుంచి పేపర్లో చదువుతూనే ఉన్నా, ఆ కొట్టివేతే సెట్ అసైడ్.

ఆ మాటకొస్తే మన ‘కొట్టు’ ఏం తక్కువ? ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, బోరు కొడుతుంది, ఈల కొడతాం, కాపీ కొడతాం, వీధి చివర సరుకులు తెచ్చుకునేదీ కొట్టే. ఎవరైనా లిస్టు రాసుకుని నేర్చుకున్నామా? పక్కన ఏ మాట ఉందో చూసి పట్టేస్తాం.

అప్పట్నుంచి చీటీలన్నీ పీకేసి చిన్న మాటకి ఒక పేజీ పెట్టా. సెట్, రన్, టేక్, గెట్, పుట్, ఇలాంటివి నలభై దాకా. ఎడమవైపు ఆ మాట పక్క మాటతో కలిపి, కుడివైపు మా ఇంట్లో దానికి ఏమంటామో అది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీలో సెట్‌కి 430 అర్థాలిచ్చారు, కంగారు పడకండి, నా పేజీలో ఉన్నవి 34. ఇంకోటి, పరీక్షకి పనికిరాదు గానీ చెప్పకుండా ఉండలేను. టీ కప్పుల ‘సెట్’ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, పెరుగు ‘సెట్’ కావడం పాత ఇంగ్లీషుది. వేరు వేరు ఇళ్ల మాటలు ఒకే స్పెల్లింగ్‌లో కాపురం పెట్టాయి, మనం అవస్థ పడుతున్నాం.

ఏడాదంతా రూములో పడుకున్నానని మా చుట్టాల్లో కొందరు అన్నారు. పడుకోలేదు. ఉగాది రోజు కూడా పేజీ రాశా, తమ్ముడి కాలేజీ ఫీజు ఒక టర్మ్ లేటైనా నాకు రూము అద్దె పంపిన నాన్నకి తెలుసు. మోటివేషన్ వీడియోలు చూస్తూ కూర్చునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒకటే చెప్తా, ఆ వీడియో అరగంటలో సగం పేజీ అవుతుంది, ఫోన్ పక్కన పడేయండి. ఈ ముక్క నేను ఇప్పుడు ఫోన్లోనే టైప్ చేస్తున్నా, నవ్వుకోండి పర్లేదు.

రెండోసారి ప్రిలిమ్స్, మెయిన్స్ మామూలుగానే దాటా, డిస్క్రిప్టివ్‌కి, అంటే జవాబు మనమే రాయాల్సిన పేపర్‌కి, లెటర్లు రాసి రాసి వెళ్లా. ఇంటర్వ్యూలో ఒక సార్, అప్పు కట్టని కస్టమర్ డిపాజిట్ డబ్బుని బ్యాంకు ఏం చేయొచ్చు అన్నారు. సెట్ ఆఫ్, బాకీకి చెల్లు వేసుకోవచ్చు అన్నా, నా పేజీలో టపాసు పేల్చడం, ప్రయాణం కట్టడం తర్వాత మూడో అర్థం అదే. ఆయన ఆగకుండా, “భర్త ఒక్కడి అప్పుకి భార్యాభర్తల జాయింట్ అకౌంట్ డబ్బు చెల్లు వేస్తావా?” అన్నారు. నోరు పెగల్లేదు. బయటికొచ్చి చూసుకుంటే, మామూలుగా కుదరదట, ఇద్దరి డబ్బు ఒకరి బాకీకి వేయకూడదు. సెట్ పేజీ చివర ఖాళీలో ఎర్ర పెన్నుతో ఆ లైను కూడా రాసిపెట్టా.