ఆర్ద్ర నక్షత్రం మసకబారిన రాత్రి
2023 డిసెంబర్ 12న లియోనా అనే గ్రహశకలం మన ఆర్ద్ర నక్షత్రానికి అడ్డొచ్చింది, దాని నీడ టర్కీ, గ్రీస్, స్పెయిన్ మీదుగా అట్లాంటిక్ దాటి ఫ్లోరిడా దాకా పరుగెత్తింది. నక్షత్రం మసకబారింది కొన్ని సెకన్లే! ఆ కాస్త సేపట్లో మబ్బు పట్టకూడదు, కెమెరా ఆగకూడదు, ప్రతి ఫ్రేమ్‌కీ జీపీఎస్ టైమ్ కచ్చితంగా పడాలి, తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు ఒక్కొక్కరు తీసిన వీడియోలో నక్షత్రం ఎంతసేపు మసకబారిందో తెలుస్తుంది, అది ఆ రాతిముద్దకి అడ్డంగా గీసిన ఒక్కో గీత లాంటిది, వేర్వేరు ఊళ్ల గీతలన్నీ పక్కపక్కన పేరిస్తే దాని ఆకారం బయటపడుతుంది. నక్షత్రం వెలుగు ఏమాత్రం తగ్గలేదన్న రికార్డు కూడా పారేసేది కాదు, గ్రహశకలం అంచు ఎక్కడిదాకా ఉందో తేల్చేది అదే. నెప్ట్యూన్ అవతల తిరిగే క్వావార్ అనే చిన్న ఖగోళ వస్తువుకి వలయం ఉందని ఇలాంటి పరిశీలనలతోనే 2023లో ప్రకటించారు కదా, అందులో ఆస్ట్రేలియా ఔత్సాహికుల రికార్డింగులు కూడా ఉన్నాయి.