కుర్చీలో కూర్చున్న అలసట

నాన్నకి బైపాస్ జరిగిన రోజు నేను చేసిన పనేమీ లేదు. ఆపరేషన్ థియేటర్ బయట ఇనుప కుర్చీలో 6 గంటలు కూర్చున్నా, అంతే. సాయంత్రం లేవబోతే రోజంతా నాట్లేసినట్టు నడుం పట్టేసింది.

"కూర్చున్నదానికే ఇంత నీరసమేంట్రా?" అంది అత్త. కూర్చున్నామా, పనిచేశామా అన్న తేడా ఒంటికి తెలియదుగా! భయం పుడితే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పరుగుకి అంతా సిద్ధం, నేనేమో కుర్చీలోనే. థియేటర్ తలుపు కదిలినప్పుడల్లా పళ్లు బిగబట్టానని, రాత్రి మెత్తటి ఇడ్లీ నమిలితే దవడ సలిపాక గానీ తెలియలేదు.

మూడో రోజు నాన్న వార్డులో నాలుగడుగులు వేశాడు. ఆ రాత్రి నేను 11 గంటలు నిద్రపోయాను.