ఎడమచెయ్యి మళ్ళీ పనిలో పడింది

మా ఆత్రేయపురంలో పూతరేకు తీయాలంటే రెండు చేతులూ కావాలి. బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టి వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు పడుతుంది. పక్షవాతం వచ్చి నా ఎడమచెయ్యి పడిపోయింది.

ఆసుపత్రి సంగతులు ఎక్కువ చెప్పను. మూతి వంకర పోయిందని చూడగానే మా తమ్ముడు కారులో రాజమండ్రి తీసుకువెళ్ళాడు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలట; సమయానికి పడింది. ప్రాణం నిలబెట్టిన డాక్టర్లకు దణ్ణం. కానీ ఇంటికి పంపే రోజు వాళ్ళలోనే ఒకాయన కాగితం మీంచి తలెత్తకుండా, "ఈ వయసులో ఆ చేత్తో పనేముందమ్మా, ఇంట్లోవాళ్ళు చూసుకుంటారులే" అన్నారు. మా రేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చింది ఇలాంటి చేతులే. నా పిల్లలు చదువుకున్నదీ ఈ చేతుల మీదే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక వానరాత్రి కరెంటు పోయింది. బాత్రూముకని లేచి మంచానికీ గోడకూ మధ్య పడిపోయాను. చీకట్లో తడుముకుంటే నడుం కింద ఏదో చల్లగా, మెత్తగా తగిలింది. పామనుకున్నాను. అరవబోతే మూలుగే వచ్చింది. కుడిచేత్తో తోసేయబోతే భుజం కదిలింది. అది నా చెయ్యే. తెల్లవారి అత్తగారు లేచేదాకా దానిని ముట్టుకోవడానికే భయపడి పడి ఉన్నాను.

ఆ తర్వాత ఆక్యుపేషనల్ థెరపీ, అంటే జబ్బు చేసినవాళ్ళకు రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే అమ్మాయి ఇంటికి వచ్చింది. ముందు నా చెయ్యి చూడలేదు. మంచం ఎత్తు, బాత్రూము గడప చూసి, "మీరు ఏం పని చేసేవారండి?" అని అడిగింది. ఆసుపత్రిలో ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. మంచం కోళ్ళ కింద చెక్కలు పెట్టించింది, గోడ వెంట వెదురు కట్టించింది. జాకెట్టు తొడిగేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర అని నేర్పింది. వేడి తెలియని చెయ్యి కనుక కుండ దగ్గరికి పోనివ్వలేదు. చుట్టే పని ఇచ్చింది. తడిగుడ్డ అద్దిన రేకు అంచును ఎడమ అరచేతితో అదిమితే, కుడిచెయ్యి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడుస్తుంది. చాలా రేకులు చిరిగాయి. "మరొకటి తీసుకోండి" అనేది, అంతే. ఇప్పుడు రేకు తీయడం మా కోడలిది, చుట్టడం నాది.

అత్తగారు వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కారు. ఆ అమ్మాయిని పంపింది ఆయనేనని నా నమ్మకం. వికలాంగుల సర్టిఫికెట్ దగ్గర మాత్రం వైకల్యం 40 శాతం ఉందా లేదా అని చూశారే తప్ప, ఇలా ఇంటికొచ్చి పని నేర్పేవాళ్ళు ఉంటారని చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తే, డిశ్చార్జికి ముందే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఎక్కడ దొరుకుతారో అడగండి. ఫిజియోథెరపీ రాశాం కదా అంటారు. అదీ కావాలి, ఇదీ కావాలి. రోగి ఏ పని చేసుకుని బతికారో కూడా చెప్పి మరీ అడగండి.