ఎర్రబడాల్సిన గడి ఒకటి, ఎర్రబడింది ఇంకొకటి

చెప్పుకోవడానికి చిన్న పనే. వెబ్ పేజీలోని సరుకుల పట్టికలో నిల్వ 10 కంటే తగ్గితే ఆ గడి ఎర్రగా కనిపించాలి. నిలువు వరుసలు నాలుగు: వర్గం, సరుకు, నిల్వ, ధర. జావాస్క్రిప్ట్‌తో అరగంటలో అయిపోతుందనుకున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది.

ముందు క్వెరీసెలెక్టర్ఆల్‌తో, అంటే పేజీలో కావలసిన భాగాలను వెతికిచ్చే ఆదేశంతో, టేబుల్ కింద నేరుగా ఉన్న టీఆర్‌లను (అడ్డు వరుసలను) అడిగాను. ఒక్కటీ రాలేదు. వరుసలను చుట్టి ఉంచే టీబాడీ అనే ట్యాగ్ నేను రాయకపోయినా, హెచ్‌టీఎంఎల్ చదివేటప్పుడు బ్రౌజర్ తనే దాన్ని మధ్యలో పెట్టేస్తుంది. డెవలపర్ టూల్స్‌లో చూస్తేగానీ తెలియలేదు.

ఆ తర్వాత నిల్వ మూడోది కదా అని టీడీకి (గడికి) ఎన్త్-చైల్డ్ 3, అంటే వరుసలో మూడోది అని, రాశాను. మొదటి వరుస చక్కగా వచ్చింది. రెండో వరుసలో నిల్వ 4 ఉన్న గడి మామూలుగానే ఉంది, పక్కన ధర 8 ఉన్న గడి ఎర్రబడింది! లెక్క తప్పేమోనని కోడ్ అంతా మళ్లీ మళ్లీ చదివాను. ఎన్త్-చైల్డ్ 1 నుంచి లెక్కపెడుతుంది, వరుసలోని గడుల జాబితా అయిన సెల్స్ 0 నుంచి లెక్కపెడుతుంది, ఆ తేడా దగ్గరే చాలాసేపు తచ్చాడాను. అసలు సంగతి వేరే. వర్గం గడి మూడు వరుసల మేర ఉండేలా దానికి రోస్పాన్ 3 ఇచ్చాను. అది కింది రెండు వరుసల్లోకీ పాకినట్టు కంటికి కనిపిస్తుంది, కానీ ఆ వరుసల్లో దానికి టీడీ ఉండదు. అక్కడ ఉన్నవి మూడే గడులు, మూడోది ధర.

చివరి నుంచి లెక్కపెడితే, అంటే ఎన్త్-లాస్ట్-చైల్డ్ 2 అంటే, సరిపోయింది. కానీ రేపు చివర ఇంకో నిలువు వరుస చేరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నిల్వ గడులన్నిటికీ ఒక క్లాస్ పేరు పెట్టేశాను. స్థానాన్ని నమ్ముకోవడం కన్నా పేరు పెట్టి పిలవడమే నాకు నచ్చింది.

గడి దొరికాక అందులోని అంకె ఇంకో తంటా. గడిలోని రాతను చదివే టెక్స్ట్‌కంటెంట్ ఇచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస. దాన్ని అంకెగా మార్చే నంబర్‌కి ఇస్తే ఖాళీ గడి 0 అయిపోయి ఎర్రబడింది. కామా ఉన్న 1,250 ఏమో నాన్, అంటే 'అంకె కాదు', అయింది. పోనీ అంకెగా మార్చే ఇంకో ఫంక్షన్ పార్స్‌ఫ్లోట్ వాడదామంటే అది కామా దగ్గరే ఆగి 1 అంది, నిండుగా ఉన్న సరుకు కాస్తా అయిపోవచ్చినట్టు ఎర్రబడింది. కామాలు తీసేసి, ట్రిమ్ చేసి (అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేసి), ఖాళీ అయితే వదిలేసి, ఆ తర్వాతే నంబర్‌కి ఇచ్చాను.

రంగుకు, గడికున్న క్లాస్‌ల జాబితా అయిన క్లాస్‌లిస్ట్‌లోని టాగుల్ వాడాను. దాని రెండో స్థానంలో షరతు ఇస్తే, నిజమైతే ఎరుపు క్లాస్ పెడుతుంది, కాకపోతే తీసేస్తుంది. ఇఫ్, ఎల్స్ అక్కర్లేదు. నిల్వ 4ని 40గా మార్చి అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలిచాను. ఎరుపు పోయింది, పక్కనున్న ధర 8 తెల్లగానే ఉంది.